పొద్దున సోడా, సాయంత్రం యాసిడ్

వారానికి ఒక్క రోజు సెలవు. ఆ ఒక్క సాయంత్రం మనిషి టీ కప్పు పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి, ముక్కూ మొహం తెలియని అమ్మాయి ఒకతె ఇంటి చేపల చెరువు గట్టు మీద గొంతుక్కూర్చుని, పుర్రె బొమ్మ అంటించిన సీసా మూత తిప్పుతూ ఉంటే ఏం చెయ్యాలి? పద్ధతి తెలిసిన వాళ్ళయితే గొంతు సవరించుకుని "ఎవరండీ?" అని అడుగుతారు. మనవాడికి అంత ఓపిక లేదు. పరుగెత్తాడు. సగం టీ తన చొక్కా మీద, మిగతా సగం ఆమె చెప్పుల మీద పడింది.

"ఏం పోస్తున్నారు అందులో?"

ఆమె తాపీగా తన చెప్పుల వంక చూసుకుంది.

"మీరేం పోశారు ఇందులో?"

"టీ."

"నేను యాసిడ్. పరిచయాలయ్యాయి కదా, కాస్త పక్కకి జరగండి. వెలుతురు పడటం లేదు."

"యాసిడా? అందులో చేపలున్నాయండీ."

"ఉన్నాయనే పోస్తున్నాను. ఖాళీ గుంటలో పొయ్యడానికి నాకేం పని? బకెట్టు నీళ్ళలో చెంచాడు కలిపి పోస్తాను, కంగారు పడకండి. పెద్దావిడ ఈ చెరువుని నాకు అప్పగించి వెళ్ళారు. ఇంట్లో మనవడున్నాడు గానీ వాడికి చేపలంటే లెక్కలేదన్నారు."

"ఆ మనవణ్ణి నేనే."

ఆమె మొదటిసారి తలెత్తి సరిగ్గా చూసింది. పైనుంచి కింద దాకా చూసి, టీ మరక దగ్గర కాసేపు ఆగింది.

"ఓహో. కాంపౌండరు గారు."

"ఫార్మసిస్టుని."

"ఆవిడ కాంపౌండరనే చెప్పారు."

నాలుగేళ్ళు కూర్చుని చదివి, పట్టాకి ఫ్రేము కట్టించి మందుల షాపు గోడకి వేలాడదీసినా సరే, నానమ్మ దృష్టిలో మనవాడు కాంపౌండరే. ఆ పేరు ఇప్పుడు పై పోర్షన్ దాకా పాకిందన్నమాట.

ఆ పై పోర్షన్‌లో ఈ అమ్మాయి దిగి కొన్ని వారాలయింది. ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నాళ్ళు ఎదురుపడకపోవడం ఎలాగంటే, ఆమెది ఒక స్పోర్ట్స్ క్లబ్బులో స్విమ్మింగ్ పూల్ నీళ్ళు చూసే ఉద్యోగం. తెల్లారకుండానే వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తుంది. మనవాడు పొద్దెక్కాక మందుల షాపుకి వెళ్ళి, షట్టరు దించాక వస్తాడు. మెట్ల మీద ఆమె తడి చెప్పుల గుర్తులు మాత్రం రోజూ చూసేవాడు. పైన ఎవరో కాళ్ళు తుడుచుకోని మనిషి దిగారని అనుకునేవాడు.

"అసలు యాసిడ్ ఎందుకండీ?"

"ఈ నీళ్ళ పీహెచ్ తొమ్మిది. చేపల్ని సబ్బునీళ్ళలో నానబెట్టినట్టుంది."

"తొమ్మిదా? ఆరు పాయింట్ ఎనిమిది. పొద్దున నేనే చూశాను. పులిసిపోతున్నాయని వంటసోడా కూడా వేశాను."

ఆమె చేతిలో సీసా ఆగిపోయింది.

"సోడా వేసింది మీరా?"

"రోజూ వేస్తున్నాను. మీరు రోజూ ఇది పోస్తున్నారా?"

ఇద్దరికీ ఒకేసారి జ్ఞానోదయమయింది. ఎదుటి మనిషి మూలంగానే నీళ్ళు పాడవుతున్నాయని. జ్ఞానోదయాలు సాధారణంగా అలాగే ఉంటాయి, తప్పెప్పుడూ ఎదుటివాళ్ళదే.

వెనక వరండాలో కుట్టుమిషను ఆగింది. అమ్మ పళ్ళ మధ్య గుండుసూది తీసి మరీ మాట్లాడింది.

"ఒకరు సోడా, ఒకరు పులుపు. కాస్త ఉప్పు కూడా తగిలిస్తే చెప్పండి, పొయ్యి వెలిగిస్తాను."

*

ఆ చెరువు సంగతి కాస్త చెప్పాలి. గౌరవం కొద్దీ చెరువంటారు గానీ, రెండు మంచాలు పక్కపక్కన వేసినంత సిమెంటు తొట్టి అది. తాతయ్య కట్టించాడు. రిటైరయ్యాక మగవాళ్ళకి ఏదో ఒకటి కట్టించాలనిపిస్తుంది. అందులో పది పన్నెండు చిన్న చేపలు, ఒక పెద్ద చేప. పెద్దదాని పేరు మేనేజరు.

తాతయ్య ఉద్యోగం చేసిన ఆఫీసులో ఒక మేనేజరుండేవాడు. ఎప్పుడు చూసినా నోరు తెరిచే ఉండేది, చెవికి మాత్రం ఏమీ ఎక్కేది కాదు. చేపని కొనుక్కొచ్చిన రోజునే తాతయ్య దాని మొహం చూసి పడీ పడీ నవ్వి, ఆ పేరు పెట్టేశాడు. అప్పట్నించీ రోజూ గట్టు మీద కూర్చుని, మేత వేస్తూ, ఉద్యోగంలో ఉండగా అనలేకపోయినవన్నీ దాన్ని అనేవాడు. చేప నోరు తెరిచి వినేది. "చూడవే, అచ్చం వాడే, ఆ కింది పెదవి చూడు" అని నానమ్మకి చూపించేవాడు. నానమ్మ కూడా నవ్వేది.

నానమ్మకి అప్పటికే కళ్ళలో శుక్లాలు ముదిరిపోయాయి. ఆవిడకి కనిపించింది నీళ్ళలో కదిలే ఒక నారింజరంగు మరక మాత్రమే. ఆయన నవ్వుతున్నాడని నవ్వేది. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పోయాక, ఎన్నో ఏళ్ళు ఆపరేషను వద్దు వద్దని మొరాయించి, మొన్న ఉన్నట్టుండి ఒప్పుకుంది.

"ఏం లేదురా, ఆ మేనేజరు మొహం ఒక్కసారి చూడాలి. మీ తాతయ్య అంతలా ఎందుకు నవ్వాడో తెలియకుండా పోతే ఎట్లా?" అంది.

నాన్న ఆవిణ్ణి వెంటబెట్టుకుని, ఆస్పత్రికి దగ్గరని అత్త వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు నానమ్మ మనవాణ్ణి పిలిచి, "చెరువు నీది. నేనొచ్చేసరికి వాడు లేకపోతే నీ పెళ్ళికి నేను రాను" అంది. ఆ తర్వాత పైకి కబురు పంపి ఆ అమ్మాయిని కూడా పిలిపించి ఏం చెప్పిందో మనకిప్పుడు తెలిసింది. మనవడి మీద అంత నమ్మకం.

ఇద్దరూ బాధ్యతగా నీళ్ళు పరీక్షించే కిట్లు కొన్నారు. చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మూడు చుక్కలు మందు వేస్తే రంగు మారుతుంది. పసుపు వైపు తిరిగితే పులుపు, నీలం వైపు తిరిగితే సబ్బు. మధ్యలో ఆకుపచ్చ వస్తే చేపలు సుఖంగా ఉన్నట్టు. మనవాడు పొద్దున షాపుకి వెళ్ళే ముందు చూస్తే పసుపు. ఆ అమ్మాయి సాయంత్రం వచ్చాక చూస్తే నీలం.

మందుల షాపు మనిషికి లోపం కనిపిస్తే మోతాదు గుర్తొస్తుంది. పూల్ మనిషికి నంబరు తప్పితే నిద్ర పట్టదు. మధ్యలో మేనేజరు, ముందు నుయ్యి వెనక గొయ్యి.

*

ఆ సాయంత్రం ఒక ఒప్పందం కుదిరింది. అతను సోడా మానెయ్యాలి. ఆమె యాసిడ్ మానెయ్యాలి. ఇద్దరూ పెద్దమనుషుల్లా తలలూపారు.

మర్నాడు పొద్దున మనవాడు గొట్టం పట్టాడు. పసుపు. నిన్న తను వెళ్ళాక ఇంకో చెంచాడు పోసుంటుంది అనుకుని, ఎందుకైనా మంచిదని సోడా వేశాడు. సాయంత్రం ఆమె గొట్టం పట్టింది. నీలం. అనుకున్నాను, మాట మీద నిలబడే మొహమేనా అది అని, బకెట్టు తెచ్చింది.

మాట తప్పిన మనిషిని పట్టుకోవాలంటే ఎదురుపడాలి కదా. అందుకని మనవాడు షాపులో బతిమాలి కొన్ని సాయంత్రాలు తొందరగా రావడం మొదలుపెట్టాడు. ఆమె కొన్ని పొద్దుటి పూటలు ఆలస్యంగా వెళ్ళడం మొదలుపెట్టింది. ఇదంతా కేవలం చేపల కోసమే.

"మీ కిట్ ఎక్కడ కొన్నారు?" అని మెట్ల మీద ఆపి అడిగాడొక రోజు.

"ఎందుకు, మీ షాపులో అమ్ముతారా?"

"దాని గడువు తీరిపోయిందేమోనని. మా దగ్గర గడువు తీరినవి పారేస్తాం."

"మనుషుల్ని కూడానా? మీ కళ్ళు ఎప్పుడైనా చూపించుకున్నారా? పసుపుకీ నీలానికీ తేడా తెలియనివాళ్ళు మందులిస్తున్నారంటే నాకు జ్వరం రాకుండా చూసుకోవాలి."

"వస్తే చెప్పండి. మోతాదు నేను చూస్తాను."

"వస్తే వేరే షాపుకెళ్తాను."

అంటూనే, వేరే షాపు ఎంత దూరమో తెలిసిన మనిషిలా నవ్వింది. మనవాడు మెట్ల మీద ఉండిపోయాడు. షాపుకెళ్ళి ఆ పూట ఒకాయనకి దగ్గు మందు బదులు కాళ్ళ నొప్పుల నూనె ఇవ్వబోయి, ఆయనే సరిచేస్తే తిరిగి తీసుకున్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇద్దరూ అలా వారం రోజులు వాదించుకున్నారు. కుందేలు అయితే ఫరవాలేదు, నీళ్ళలో ఉన్నది చేప. నీళ్ళు నానాటికీ పచ్చగా తయారయ్యాయి. మేత డబ్బా చప్పుడు వింటే అందరికంటే ముందు నోరు తెరుచుకొచ్చే మేనేజరు, ఒక సాయంత్రం రాలేదు.

మనవాడు వంగి చూశాడు. మూలన, కాస్త పక్కకి ఒరిగి, మొప్పలు ఎగరేసుకుంటూ ఉంది. ఒంటి మీద పలుచగా తెల్లటి పొర.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. నాన్న ఫోను, నానమ్మ గొంతు.

"ఒరేయ్ కాంపౌండరూ, కట్టు విప్పారు. మీ అత్త మొహం చూశాను. నాకంటే పెద్దదానిలా ఉందిరా. మేనేజరు తిన్నాడా?"

"తిన్నాడు నానమ్మా."

"వచ్చే ఆదివారం వస్తున్నాను. వచ్చీ రాగానే వాడి దగ్గరికే."

"వీడియో తీసి పంపనా? ఇప్పుడే చూసుకోవచ్చు." పంపాలనుకున్నది ఫోనులో ఉన్న పాత వీడియో. భయం ఎంత దూరమైనా తీసుకెళ్తుంది.

"వద్దు. ఫోనులో మొహాలు ఫోను మొహాల్లాగే ఉంటాయి. మీ తాతయ్య ఎక్కడ కూర్చుని చూపించాడో అక్కడే కూర్చుని చూస్తాను."

ఫోను పెట్టేసి మనవాడు పై పోర్షన్‌కి పరుగెత్తాడు. మెట్లెక్కి తలుపు కొట్టాడు. ఆమె తలకి తువ్వాలు చుట్టుకుని తీసింది. గదంతా క్లోరిన్ వాసన. ఏదో అనబోయి, ఇతని మొహం చూసి మానేసింది.

"మేనేజరు బాగాలేదు."

ఆమె చెప్పులు వేసుకోకుండానే దిగింది. గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. వెటకారం ఒక్కటి కూడా ఆడలేదు. మనవాడికి దాంతో ఇంకా భయమేసింది.

"నావల్లేనేమో" అంది మెల్లగా.

"లేదు, నావల్లే."

"ఇవాళ కూడా పోశాను."

"పొద్దున నేనూ వేశాను."

అంతటి పశ్చాత్తాపంలోనూ బుద్ధి మాత్రం పోలేదు.

"రేపు మీరేమీ వెయ్యకండి" అంది.

"మీరేమీ పొయ్యకండి."

"మిమ్మల్ని నమ్మను."

"నేను మాత్రం నమ్ముతానా? రేపు సెలవు పెట్టి పొద్దుట్నించీ ఇక్కడే కూర్చుంటాను."

"నేనూ పెడతాను."

వరండాలోంచి అమ్మ అంది: "ఒకరికొకరు కాపలా కాయడానికి ఇద్దరు సెలవు పెట్టడం నేనెక్కడా వినలేదు. కుర్చీలు కావాలా, ఒక్కటి చాలా?"

*

తెల్లవారింది. రెండు కుర్చీలు, రెండు కిట్లు, రెండు అనుమానాలు.

మొదటి గొట్టం ఆమె పట్టింది. మూడు చుక్కలు వేసింది. రంగు చూసి, కార్డు పక్కన పెట్టి, మళ్ళీ చూసింది.

"ఆరు పాయింట్ ఎనిమిది" అంది, పంటి నొప్పితో మాట్లాడినట్టు.

"గట్టిగా చెప్పండి. అమ్మకి వినపడలేదు."

"మీ కిట్ కూడా పట్టండి."

పట్టాడు. అదీ పసుపే. మనవాడు గెలిచినందుకు కాలు మీద కాలు వేసుకున్నాడు. సోడా డబ్బా ఆమె కుర్చీ కింద, యాసిడ్ సీసా ఇతని కుర్చీ కింద ఉన్నాయి. ఒప్పందం అది.

ఎండ ఎక్కింది. చూపులు చెరువు మీద ఉండాలి. ఎక్కువగా లేవు.

"రోజూ నీళ్ళలోనే ఉంటారు కదా, ఈత బాగా వచ్చుండాలి" అన్నాడు.

"రాదు."

"ఏంటి?"

"ఈత రాదు. నీళ్ళతో నాది ఆఫీసు సంబంధమే. నవ్వుతున్నారా?"

"లేదు. నాకు సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. షాపులో ఎవరికీ చెప్పలేదు."

ఆమె నవ్వింది, ఈసారి వెటకారం లేకుండా. తను ఈ ఊరికి కొత్తని, ఇక్కడ రోజంతా తనతో ఒక్కరైనా మాట్లాడితే "నీళ్ళు చల్లగా ఉన్నాయేంటి" అనే మాటేనని చెప్పింది. సాయంత్రం పూట ఈ చెరువు దగ్గర కూర్చోవడం ఇష్టమంది. "మేనేజరు కనీసం నోరు తెరుస్తాడు కదా" అంది. మనవాడికి ఏదైనా మంచి మాట అనాలనిపించింది. ఏమీ తోచక, "నేనూ తెరుస్తాను" అన్నాడు. అనేశాక వెంటనే మూశాడు.

మధ్యాహ్నం గొట్టం పట్టారు. ఆకుపచ్చ.

ఆమె ఇతని వైపు చూసింది. ఇతను ఆమె వైపు చూశాడు. ఇద్దరూ వంగి కుర్చీల కింద చూసుకున్నారు. డబ్బా మూత మూసే ఉంది. సీసా మూత మూసే ఉంది.

"మీరు భోజనానికి లేచారు" అంది.

"మీరూ నాతోనే లేచారు. ఒకే బల్ల దగ్గర తిన్నాం. ఉప్పు కూడా అడిగారు."

సాయంత్రమయ్యేసరికి మబ్బు పట్టింది. ఆఖరి గొట్టం పడుతుండగా చినుకులు మొదలయ్యాయి. మనవాడు గొడుగు తెచ్చి పట్టాడు. ఆమె ఆ గొడుగుని తన మీంచి, అతని మీంచి కూడా పక్కకి లాగి గొట్టం మీదకి పెట్టింది. వాననీళ్ళు కలిస్తే లెక్క తప్పుతుందట. ఇద్దరూ నిలువునా తడుస్తూ, ఒక్క గొట్టాన్ని మాత్రం పొడిగా ఉంచి, తలలు ఆనించి రంగు చూశారు.

నీలం. తొమ్మిదికి వెంట్రుకవాసి తక్కువ.

"నేనేమీ వెయ్యలేదు" అన్నాడు.

"నేనేమీ పొయ్యలేదు."

"మరి ఎలా పెరిగింది?"

ఆమె పచ్చటి నీళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది. "పాచి" అంది చివరికి. "పూల్‌లో పాచి ఉండనివ్వను కాబట్టి నాకు తట్టలేదు. మొక్కే కదా అది. ఎండ ఉన్నంతసేపూ నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్ తినేస్తుంది."

"గ్యాస్ పోయిన గోలీసోడా తాగితే చప్పగా ఉంటుంది కదా, ఆ గ్యాసేగా" అన్నాడతను, ముక్క అందుకుంటూ. "అది ఉంటే పులుపు, పోతే లేదు. రాత్రి ఎండుండదు. చేపలూ పాచీ వదిలే ఊపిరితో మళ్ళీ గ్యాస్ చేరుతుంది. పొద్దున నాకు పసుపు."

"సాయంత్రం నాకు నీలం."

"అంటే మీ తొమ్మిది నిజమే."

"మీ ఆరు పాయింట్ ఎనిమిదీ నిజమే."

"ఇద్దరం నిజాలే చెప్పాం."

"నిజాలు చెప్పీ చెప్పీ చేపని చంపబోయాం" అంది. వానలో కన్నీళ్ళు తెలియవంటారు గానీ పక్కనున్నవాడికి తెలుస్తాయి. మనవాడు గొడుగుని గొట్టం మీంచి తీసి ఆమె మీద పట్టాడు. ఆమె వద్దనలేదు.

"పూల్‌లో ఎవరూ కాపురం ఉండరు" అంది. "వస్తారు, మునుగుతారు, పోతారు. నంబరు ఎటు లాగినా చెల్లుతుంది. వీడు రోజంతా ఇందులోనే ఉండాలి. నేనటు లాగుతుంటే, మీరిటు లాగుతుంటే వాడేమైపోతాడు?"

"షాపులో ఊరికే వదిలెయ్యండి అని చెప్తే ఎవరూ మెచ్చుకోరు. ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. అలవాటైపోయింది."

*

తర్వాతి వారం ఆ పెరట్లో జరిగిన పనులు చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. అమ్మ పాత నీలం తెర ఒకటి కుట్టి ఇస్తే, చెరువు మీద సగానికి నీడ కట్టారు. పాచి వలతో తీశారు. రోజూ కాసిని నీళ్ళు తీసి, ఎండలో నిలవబెట్టిన కొత్త నీళ్ళు పోశారు. ఆమె క్లబ్బు నుంచి చిన్న గాలి పంపు తెచ్చింది. అతను ఆల్చిప్పలు మూట కట్టి అడుగున వేశాడు. అవి మెల్లగా కరుగుతూ, నీళ్ళు అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచుతాయట.

ఇవన్నీ ఒక పూట పని. అసలు పని, ఏమీ చెయ్యకుండా ఉండటం. పొద్దున పసుపు కనిపించినప్పుడు అతని చెయ్యి సోడా వైపు వెళ్ళకుండా ఆమె కాపలా. సాయంత్రం నీలం కనిపించినప్పుడు ఆమె చెయ్యి సీసా వైపు వెళ్ళకుండా అతని కాపలా. రెండు పూటలా కాపలా కాయాలి కాబట్టి రెండు పూటలా కలవాలి. అమ్మ ఏమీ అనలేదు. కుట్టుమిషను మాత్రం ఆ రెండు వేళల్లో తప్పకుండా ఆగేది.

రంగులు దగ్గరపడ్డాయి. పొద్దుటి పసుపు లేతాకుపచ్చయింది, సాయంత్రపు నీలం ముదురాకుపచ్చయింది. నీళ్ళు తేరుకున్నాయి. మేనేజరు ఒంటి మీద పొర విడిపోయి, ఒరిగిన మనిషి నిటారుగా నిలబడ్డాడు. కానీ నీడ కింద నుంచి బయటికి రావడం లేదు. పైకొచ్చి మేత తినడం లేదు. శనివారం సాయంత్రం దాకా ఇద్దరూ చూశారు. రాలేదు.

ఆదివారం నానమ్మ వచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని, కారు దిగి, ఇంట్లోకి కూడా వెళ్ళకుండా, పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి నడిచింది. నాన్న వెనక పెట్టెలు మోసుకుంటూ వచ్చాడు. తాతయ్య కూర్చునే చోట కూర్చుని, మేత డబ్బా మీద వేళ్ళతో కొట్టింది.

చిన్న చేపలన్నీ వచ్చాయి. మేనేజరు రాలేదు.

మళ్ళీ కొట్టింది.

"ఒరేయ్, వాడున్నాడా?" నానమ్మ డబ్బా ఒళ్ళోకి తీసుకుంది.

"నానమ్మా, నేను రోజూ సోడా..." అన్నాడు మనవాడు.

"నేను యాసిడ్ పోశానండీ, ఆయన తప్పేం లేదు..." అంది ఆ అమ్మాయి.

"సగం తప్పు నాదే..."

"సగం కాదు, ఎక్కువ నాదే..."

"ముందు నోళ్ళు ముయ్యండి. వస్తున్నాడు."

నీలం నీడ అంచు కింద నుంచి నారింజరంగు తల ఒకటి మెల్లగా బయటికొచ్చింది. తేటనీళ్ళలో నానమ్మ కాళ్ళ దగ్గరికి వచ్చి, తల పైకెత్తి, నోరు తెరిచింది.

నానమ్మ నల్లద్దాలు తీసేసింది.

"అమ్మా, డాక్టరు వద్దన్నాడు" అన్నాడు నాన్న.

"డాక్టరు ఇక్కడ లేడు."

వంగి చూసింది. చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. కింది పెదవి బయటికి పొడుచుకొచ్చి, ఎంత చెప్పినా వినేది లేదన్నట్టు. నానమ్మ భుజాలు కదిలాయి. ముందు శబ్దం లేదు, తర్వాత వచ్చింది. ఆవిడ అంతలా నవ్వడం ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"వాడేరా. రిటైరైన రోజున దండ వేసిన మేనేజరు. అచ్చం వాడే. ఆ పెదవి కూడా." కొంగుతో నోరు మూసుకుంది. "ఆయన నవ్వినప్పుడల్లా నవ్వాను. ఎందుకో తెలియదు. ఇప్పుడు తెలిసిందిరా. ఇప్పుడు చెప్పుకుందామంటే ఆయన లేడు."

చేప మేత తింది. మనవాడు జేబులోంచి శుభ్రమైన దూది తీసి ఇచ్చాడు. ఆపరేషనైన కళ్ళు కొంగుతో తుడవకూడదు కదా. నానమ్మ తీసుకుంది.

"ఒకందుకు కాంపౌండరు ఉండటం మంచిదే" అని, ఆ అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వేనా పై పోర్షనమ్మాయివి? గొంతు విని ఇంకా పొడుగుంటావనుకున్నాను. ఇలా రా, మొహం చూడనీ."

చూసింది. తర్వాత మనవణ్ణి చూసింది. మళ్ళీ ఆ అమ్మాయిని చూసింది. కొత్త కళ్ళు కదా, ఖర్చు పెట్టడానికి వెనకాడటం లేదు.

"అత్తయ్యా" అంది అమ్మ, "మీరు కావాలనే ఇద్దరికీ అప్పగించి వెళ్ళారని నేననుకుంటున్నాను."

"కావాలని ఎందుకు? వీడి మీద నమ్మకం లేక ఈ అమ్మాయికి చెప్పాను. ఈ అమ్మాయి కొత్త కదా అని వీడికి చెప్పాను. నాకంత తెలివెక్కడిది, చూపే లేకపోతే."

"మరిప్పుడు?"

"ఇప్పుడు కనిపిస్తోందిగా. లోపలికి పదండి, ఆకలేస్తోంది. మీరిద్దరూ కాదు. మీరు వాడికి మేత వేసి రండి."

పెద్దవాళ్ళు లోపలికి వెళ్ళారు. పెరట్లో ఇద్దరు మిగిలారు, మేనేజరు కాకుండా.

"ఇక కాపలా అక్కర్లేదు" అంది ఆమె, నీళ్ళ వంక చూస్తూ. "వాడు బాగున్నాడు."

"అవును. అక్కర్లేదు."

"అయితే రేపట్నించి మీ టైముకి మీరు వెళ్ళొచ్చు."

"వెళ్ళొచ్చు." మనవాడు మేత డబ్బా మూత మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాడు. "నాకు వెళ్ళాలని లేదు. మీరంటే ఇష్టం నాకు. యాసిడ్ సీసాతో చూసినప్పట్నించీ కాదు, అప్పుడు పోలీసుల్ని పిలుద్దామనుకున్నాను. తర్వాత్తర్వాత."

"చెప్పడానికి ఇంతసేపా? ఈత రాని నేనే ఇంతకంటే ముందు దూకేదాన్ని."

"దూకలేదుగా."

"మీ అమ్మగారు వరండాలో ఉండేవారు కదా, రెండు పూటలా." ఆమె పెదవి కొరుక్కుంది. "నాకు ప్రతిదీ సరిచెయ్యాలనిపిస్తుంది. ముందే చెప్తున్నాను. మీ చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నారు, ఇందాకట్నించీ చేతులు కట్టుకుని ఆగుతున్నాను."

"నాకు కూడా. మీరు మెట్ల మీద కాళ్ళు తుడుచుకోరు."

"ఆ ఒక్కటీ అడక్కు."

అనేసి, అడక్కు అన్నానని గుర్తొచ్చి ఆగింది. అతను విననట్టు నటించలేదు. ఆనందంగా విన్నాడు.

"చెయ్యి ఇలా ఇవ్వు" అంది.

"ఎందుకు?"

"ఏమీ పొయ్యనులే. ఇవ్వు."

ఇచ్చాడు. ఆమె చెయ్యి చల్లగా ఉంది, క్లోరిన్ వాసన. మేనేజరు నోరు తెరిచి ఇద్దర్నీ చూస్తోంది, ఏ ఒక్కటీ చెవికెక్కకుండా.

వంటింటి కిటికీలోంచి నానమ్మ గొంతు వినిపించింది.

"ఒరేయ్ కాంపౌండరూ, నాకిప్పుడు చెరువు దాకా కనిపిస్తోందిరా."

మనవాడు చెయ్యి వదల్లేదు.